తలకెక్కిన కరెంటు

“ఎట్లయినా మేలుకొనే ఉంటావు గదా!”

ఈ మాట ఆ ఇంట్లో మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో ఉదయశ్రీకి గుర్తులేదు. మామగారు వీరభద్రయ్యే అని ఉండాలి, ఏ అర్ధరాత్రో గొంతు తడారి వేడినీళ్లు కావాల్సి వచ్చి. పోను పోను అది ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. వేంపల్లెలో వాళ్ల వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో వదిలే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకరోజు దీపాలు పెట్టే వేళకి, ఒకరోజు కోడి కుయ్యక ముందు. వచ్చిన ఆ కాసేపట్లోనే మోటారు వేసి సంపు నింపుకోవాలి. అందుకని ఎవరో ఒకరు చెవులు వాకిట్లో పెట్టుకుని పడుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరో వేరే చెప్పాలా? ఉదయ ఉందిగా, ఎట్లయినా మేలుకొనే ఉంటుంది. ఇంటి కిందే ఉన్న వాళ్ల అంగడికి కందిపప్పు లారీ వస్తే డ్రైవరు ఫోను చేసేది ఆమె నంబరుకే. భర్త కిరణ్‌కుమార్‌కి నిద్ర చాలకపోతే పగలు తూకాల దగ్గర చిరాకు పడతాడు, బేరాలు చెడిపోతాయి. కాబట్టి అతని నిద్ర కుటుంబ ఆస్తి. ఆమె నిద్ర ఎవరిదీ కాదు, పోయినా వెతికేవాళ్లు లేరు.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఇలా లేదు. పుట్టిల్లు బనగానపల్లెలో ఆమెను లేపాలంటే వాళ్లమ్మ ముఖాన నీళ్లు చల్లాల్సి వచ్చేది. అలాంటి మనిషికి ఇప్పుడు, నలభై దాటాక, దిండు మీద తల పెట్టగానే లోపల ఎవరో లైటు వేసినట్టుంటుంది. రేపటికి పిండి రుబ్బానా, మామకి మాత్ర ఇచ్చానా, ప్రొద్దుటూరు వాళ్ల బిల్లులో పెసలు వేశానా మినుములు వేశానా, కడప హాస్టల్లో ఉన్న కూతురు శ్రీవాసవి గొంతు పొద్దున ఫోన్లో ఎందుకట్లా ఉంది, జలుబా ఏడుపా, ఇప్పుడు వినిపించింది కొళాయి చప్పుడా పిల్లి చప్పుడా, మామ దగ్గుతున్నాడు, దగ్గితే లేస్తాడు, లేస్తే పిలుస్తాడు, పిలవకముందే లేచి వెళ్తే మేలు కదా, కానీ లేచి వెళ్లాక అతను నిద్రలోనే ఉంటే… ఇలా ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని ఆలోచనలు తిరుగుతుంటే పక్కన కిరణ్‌కుమార్ హాయిగా గురక పెడుతుంటాడు. తెల్లారేసరికి మంటలెత్తే కళ్లతో లేచి కాఫీలు, టిఫిన్లు, వంట, ఆ తర్వాత కిందికి దిగి అంగట్లో కంప్యూటరు ముందు బిల్లులు. జీతం లేని గుమాస్తా అని ఎవరూ అనరు. “మా కోడలికి కంప్యూటరు శానా బాగా వచ్చు” అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంటారు. నిద్ర పట్టకపోవడం ముందు వచ్చిందా, మేలుకొని ఉండాల్సి రావడం ముందు వచ్చిందా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమెకూ ఆ అనుమానం రాలేదు.

మరి డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లారంటే, పరువు పోయి. ప్రొద్దుటూరులో కిరణ్‌కుమార్ పినతండ్రి కొడుకు తేజేశ్వర్ కూతురి పెళ్లి. తలంబ్రాల పళ్లెం పట్టుకుని ఉదయశ్రీ వేదిక మీద కూర్చుంది. మేళాలు మోగుతున్నాయి, వీడియో లైట్లు మొహం మీద కాలుతున్నాయి, నెయ్యి పొగ వెచ్చగా తగులుతోంది. నెలల తరబడి రాని నిద్ర అప్పుడు, అక్కడ, అంతమంది ముందు వచ్చింది. ఆమె తల మెల్లగా వాలి పక్కనున్న పెళ్లికొడుకు తల్లి భుజం మీద ఆగింది. ఆ పట్టుచీర పెద్దావిడ కదల్లేక మెదల్లేక బిగుసుకుపోయి కూర్చుంది. ఆ ఫోటో మధ్యాహ్న భోజనాలు కాకముందే చుట్టాల వాట్సాప్ గ్రూపులో తిరిగింది, దాని కింద కళ్లనీళ్లు కారేలా నవ్వే బొమ్మలు బారులు తీరాయి.

“ఏం వదినా, మా పెండ్లి పప్పన్నం అంత మత్తుగా ఉండిందా?” అన్నాడు తేజేశ్వర్. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే కోపం అంటారు.

“నా మొగం చూపించేకి లేకుండా చేస్తివి” అన్నాడు కిరణ్‌కుమార్ కారెక్కాక. “ఇంట్లో నిద్ర రాదంటావు. మంది మధ్యలో గుర్రు పెడ్తావు. అదేం జబ్బు?”

ఆ విధంగా ఆమెకు జబ్బు ఉందని ఒప్పుకున్నారు.

కడపలో ఆ డాక్టరు పేరు లక్ష్మీప్రియ. చిన్న వయసే, కళ్ల కింద మాత్రం నల్లగా ఉంది. నిద్ర పట్టనివాళ్ల మీద ఒక పరిశోధన నడుపుతోందామె. నుదుటికి ఒక బ్యాండు కట్టుకోవాలి, దానికి రెండు స్పాంజి ముక్కలు, వాటిని ఉప్పునీళ్లలో తడపాలి, చిన్న బ్యాటరీ నుంచి సన్నటి కరెంటు చర్మం మీదుగా తలలోకి వెళ్తుంది. కోయడం లేదు, కుట్టడం లేదు. పడుకోబోయే ముందు అరగంట. నిద్ర ఎంతసేపు పట్టిందో కొలవడానికి చేతికి గడియారం లాంటిది ఒకటి.

“ఇంకో మాట చెప్పాలి, బాగా వినండి” అంది డాక్టరు. “కొందరి బ్యాండులో కరెంటు పారుతుంది, కొందరిదాంట్లో పారదు. మీకు ఏది వచ్చిందో ఇప్పుడు మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆరు వారాలయ్యాక చెప్తాం. మీకు ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు.”

కిరణ్‌కుమార్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని పసుపు ధర మాట్లాడుతూ బయటికి వెళ్లిపోయాడు. ఉదయశ్రీ తలూపింది. అయితే ఆ చివరి మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. ఇష్టం లేకపోతే మానేయొచ్చు. ఎవరైనా తనతో ఈ మాట ఎప్పుడన్నారు? దాన్ని లోపల మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉండిపోయింది, దాని ముందు చెప్పిందంతా చెవిలోంచి జారిపోయింది.

నర్సు విశ్వాసమ్మ బ్యాండు కట్టుకోవడం చూపించింది. కళ్లు చూపించుకోవడానికని వాళ్లతోపాటు కడపకు వచ్చిన అత్త రాజ్యలక్ష్మమ్మ పక్కనే నిలబడి, అదేదో పూజా విధానం నేర్చుకుంటున్నట్టు శ్రద్ధగా చూసింది.

“ఇది పెట్టుకొన్యప్పుడు ఆయమ్మను ఎవురూ కదిలించాకండి, పిలవాకండి. ప్రశాంతంగా ఉండాల” అంది విశ్వాసమ్మ.

“ముట్టుకొంటే షాక్ కొడ్తాదా?”

“ఎందుకు ముట్టుకోవడం పెద్దమ్మా, దూరంగానే ఉండండి” అని నవ్వుతూ విశ్వాసమ్మ ఇంకో పేషెంటును పిలిచింది.

అంతే. ఆ అరగంట ముచ్చట వేంపల్లె చేరేసరికి రాత్రంతటి నియమం అయింది. రాజ్యలక్ష్మమ్మ హాలు మధ్యలో నిలబడి మొగుడికీ కొడుక్కీ వినబడేలా చెప్పింది. “తలకు కరెంటెక్కిచ్చుకొన్య మనిషిని ముట్టుకోకూడదంట. పిలవకూడదంట. ఉలిక్కిపడి లేస్తే నరాలు చిట్లిపోతాయంట. తెల్లారి తలకు నీళ్లు పోసుకొనేదాకా ఆ కరెంటు దిగదంట. నర్సమ్మ నాకు గట్టిగా చెప్పింది.”

“అమ్మా, అరగంటే గదా?” అన్నాడు కిరణ్‌కుమార్.

“నువ్వు విన్న్యావా? ఫోన్లో పసుపు అమ్ముకుంటాంటివి. నేనుంటి ఆడ. రేపు ఏమన్నా అయితే ఎవుర్ది బాధ్యత?”

బాధ్యత అనగానే అతను తగ్గాడు. తండ్రి అప్పటికే తన కుర్చీ కోడలికి దూరంగా జరుపుకున్నాడు. కరెంటంటే ఆ పెద్దాయనకి చిన్నప్పట్నుంచీ భయం.

ఇంట్లో అలాంటి మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలో కూడా రాజ్యలక్ష్మమ్మకి తెలుసు. వెనక వసారా చివర ఒక చిన్న గది. ఆ కాలంలో నెలసరి వచ్చిన ఆడవాళ్లు మూడురోజులూ విడిగా ఉండేందుకు కట్టింది. ఉదయశ్రీ వచ్చేనాటికే ఆ పట్టింపు పోయింది. ఇప్పుడక్కడ ఖాళీ గోనెసంచులు, పాత ఇత్తడి బిందెలు. అవన్నీ బయట వేయించి మంచం వేయించింది. ముట్టుకోకూడని మనిషికి ముట్టుకోకూడని గది.

మొదటి రాత్రి బ్యాండు పెట్టుకోగానే నుదురు చిమచిమలాడింది. అమ్మో అనుకుని కళ్లు మూసుకుంది. పాత అలవాటు ప్రకారం చెవులు రెండూ ఇంట్లోకి పరుగెత్తాయి. కొళాయి. దగ్గు. ఫోను. ఫోనేది? అత్త తీసి పెట్టుకుంది, సెల్‌ఫోను కూడా కరెంటే కదా అని. మామ దగ్గాడు. లేవబోయింది. లేచినా లాభం లేదు, దగ్గరికి రానివ్వరు. ఇప్పుడు వెళ్తే ఆ ముసలాయన కెవ్వుమంటాడు. ఆ ఊహకి చీకట్లో ఒక్కతే నవ్వుకుంది. నీళ్లొస్తే? రానీ. లారీ వస్తే? రానీ. తను వెళ్లకూడదు. వెళ్లడం తప్పు. ఇన్నేళ్లూ వెళ్లకపోవడం తప్పుగా ఉండేది కదా, ఇప్పుడు వెళ్లడం తప్పు. ఆ తిరకాసు అర్థం చేసుకునే లోపే ఎక్కడో జారిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఎండ మంచం మీదికి వచ్చింది. ఎవరికో ఏదో అయిపోయిందనుకుని వంటింటికి పరుగెత్తింది. స్టవ్ ముందు రాజ్యలక్ష్మమ్మ కాఫీ కలుపుతోంది.

“ఆడనే ఉండు! దగ్గరికి రావాకు!” అని గరిటె అడ్డం పెట్టింది. “ముందు తలకు పోసుకోని రా.”

తలారా స్నానం చేసి వచ్చేసరికి ఆమె కాఫీ గట్టు మీద మూతపెట్టి ఉంది. ఇంకా వేడిగా ఉంది. పెళ్లయ్యాక ఇంకొకరు కలిపిన కాఫీని ఆ ఇంట్లో వేడిగా తాగడం అదే మొదలు. ఆ గ్లాసు పట్టుకుని ఎందుకో ఏడుపొచ్చింది.

ఆమె అట్లా నిద్రపోయిన రాత్రే నీళ్లు వచ్చి పోయాయి. సంపు ఎండిపోయింది. కిరణ్‌కుమార్ ట్యాంకరు తెప్పించి, ఇల్లంతా చిందులు తొక్కి, ఆ సాయంత్రానికి నీళ్లు వదిలే మనిషి నంబరు సంపాదించాడు. రోజూ ఆ మనిషినడిగి వేళ తెలుసుకుని తన ఫోన్లో అలారం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మామగారి మంచం పక్కకి ఒక ఫ్లాస్కు వచ్చింది, దాన్నిండా వేడినీళ్లు. లారీ డ్రైవర్లకి తన నంబరే ఇచ్చుకున్నాడు. వారం తిరక్కుండా అన్నీ సర్దుకున్నాయి. అదే ఆమెకి మింగుడు పడలేదు. ఆమె ఇన్నేళ్లు రాత్రుళ్లు కాల్చుకున్న పనికి ఒక ఫ్లాస్కూ ఒక అలారమూ సరిపోయాయి. అంత తేలికైన పనిని తన ప్రాణం మీద ఎందుకు పెట్టారు? అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే, ‘నువ్వెప్పుడైనా చెప్పినావా’ అంటారు. నిజమే, చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందనే తెలియదు.

నిద్రపోయే మనిషికి లోకం వేరేగా ఉంటుందని ఆ వారాల్లో ఆమె తెలుసుకుంది. పచ్చిమిరపకాయ ఘాటు మళ్లీ ముక్కుకి తెలిసింది. బిల్లుల్లో తప్పులు పోయాయి. అంగట్లో ఎప్పుడూ ‘అమ్మా, ఈసారికి’ అంటూ పాత సరుకు అంటగట్టే బ్రోకరుని, “నీ ఈసారి ఎప్పుడైపోతాదప్పా?” అని అడిగేసి, తన గొంతు విని తనే ఆశ్చర్యపోయింది. శ్రీవాసవి ఫోన్లో, “ఏంటమ్మా, కొత్తగా మాట్లాడ్తాండావు, బాగా నవ్వుతాండావు” అంది. అయినా లోపల ఒక గుబులు. ఆరు వారాలు ఎంతసేపు? పగలంతా చేతులు ఊరుకోక, తుడిచిన గట్టునే తుడుస్తూ, మడతపెట్టిన దుప్పట్లే మళ్లీ మడతపెడుతూ తిరిగేది. ఈ నిద్ర అరువు తెచ్చుకున్న నగలాంటిది, తిరిగి ఇచ్చేయాల్సిందే కదా అనుకునేది.

ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లు వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. రాజ్యలక్ష్మమ్మ ఆ చిన్న గది వైపు చూసి, “బాగా నిద్ర పడ్తాంది గదా ఆ గదిలో” అంది.

“పడ్తాంది అత్తా. కరెంటు మంచిదే.”

“ఆ గది మంచిది” అంది రాజ్యలక్ష్మమ్మ. “మా అత్త రాక్షసి. పొద్దు పొడవకముందు లేపితే మళ్లా అందరూ పండుకొన్యాకే నడుం వాల్చేది. ఒగ ఆ మూడు దినాలు మాత్రం ఎవురూ ముట్టుకోరు, ఎవురూ పని చెప్పరు. కంచం దూరంగా పెట్టి పొయ్యేవాళ్లు. అంటరాని మనిషి మాదిరి. సిగ్గుగా ఉండేది. అయినా చెప్తాండా చూడు, ఎప్పుడొస్తాయా అని ఎదురు చూసేదాన్ని. వచ్చినాయంటే చాలు, కుక్కి మంచంలో పడి సచ్చిన దాని మాదిరి నిద్రపోయేదాన్ని. ఒక్కోసారి రాకున్న్యా వచ్చినాయని అబద్ధం చెప్పేదాన్ని.”

ఉదయశ్రీ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. ఏ పండగకీ పట్టింపు తప్పని ఈ మనిషి, మైల అని అబద్ధం చెప్పి నిద్ర కొనుక్కుందన్నమాట. అత్త మీద ఇన్నేళ్లుగా దాచుకున్న కోపాల్లో ఒకటో రెండో ఆ మధ్యాహ్నం ఎటో పోయాయి.

చివరిసారి కడప వెళ్లే రోజు వచ్చింది. కిరణ్‌కుమార్ అంగట్లోంచే కేకేశాడు. “మిషను ఇచ్చేసి రా. నాకు ఆ అలారం పీడ వదుల్తాది.” పీడ! ఆరు వారాలకే పీడ అయిందా అనుకుంటూ ఆమె బ్యాండు సంచిలో పెట్టుకుంది. కళ్ల పరీక్ష మళ్లీ ఉందని అత్త కూడా బయల్దేరింది. ఆర్టీసీ బస్సులో ఎర్రటి బీళ్లూ బండరాళ్లూ వెనక్కి పోతుంటే ఉదయశ్రీకి కాళ్లు ఒకచోట నిలవలేదు. ఇంకొన్నాళ్లు ఇమ్మని అడగాలి. బతిమాలైనా సరే అడగాలి.

డాక్టర్ లక్ష్మీప్రియ ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. కంప్యూటరులో గీతలు చూపించింది. చేతి గడియారం రాసిపెట్టిన ఆరు వారాల రాత్రులు.

“చాలా బాగుందమ్మా. మీరు మొదట చెప్పిన లెక్కతో చూస్తే నిద్ర బాగా పెరిగింది. మధ్యలో లేవడం దాదాపు పోయింది.” కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. “మీకొక సంగతి చెప్పాలి. మీ బ్యాండులో కరెంటు లేదు.”

ఉదయశ్రీకి అర్థం కాలేదు. “నాకు నుదురు చిమచిమలాడింది డాక్టరమ్మా.”

“మొదట కొన్ని క్షణాలు అలా అనిపించేలా పెడతాం. ఎవరికి ఏదో తెలియకూడదని. ఆ తర్వాత దానంతటదే ఆగిపోతుంది. మీకు మొదటిరోజే చెప్పాను, గుర్తుందా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఇష్టం లేకపోతే మానేయొచ్చు అన్న మాట వెనకాల పడిపోయిన మాట. ముందు సిగ్గేసింది, దొంగ నొప్పి నటించి దొరికిపోయినట్టు. అంటే ఇదంతా భ్రమా? ఆ ఎండ, ఆ కాఫీ, ఆ మిరపకాయ ఘాటు?

“అయితే నేను నిద్రపోలేదా?”

“పోయారు. చేతి గడియారానికి భ్రమలుండవు. కరెంటు ఉన్నవాళ్లలో కూడా కొందరికి బాగానే ఉన్నట్టుంది, లెక్కలింకా పూర్తికాలేదు. కరెంటు లేకపోయినా నమ్మకం వల్ల నిద్ర పట్టేవాళ్లుంటారు. కానీ మీ గీత మరీ…” డాక్టరు ఆమె ముఖంలోకి చూసింది. “ఈ ఆరు వారాల్లో ఇంట్లో ఇంకేమైనా మారిందా?”

ఉదయశ్రీకి ఆలోచించడానికి ఏమీ లేదు. జవాబు అప్పటికే వచ్చేసింది.

“నన్ను ఎవురూ పిలవలేదు డాక్టరమ్మా.”

లక్ష్మీప్రియ పెన్ను కింద పెట్టింది. “మా ఇంట్లో కూడా ఈ బ్యాండొకటి పెట్టుకోవాలి నేను” అని నవ్వబోయింది, నవ్వు సరిగా రాలేదు. “మీకు కావాలంటే ఇప్పుడు కరెంటు ఉన్నది ఇస్తాను. ఈ పరిశోధనలో చేరినవాళ్లందరికీ ఆ అవకాశం ఉంది.”

బతిమాలైనా అడగాలనుకున్న వస్తువు చేతికి ఇస్తానంటున్నారు. ఉదయశ్రీ బల్ల మీదున్న బ్యాండువైపు చూసింది. “ఇప్పుడొద్దు. ఇంట్లో ఒక మాట చెప్పి చూస్తా. అది పనిచెయ్యకపోతే అప్పుడొస్తా.”

తిరుగు బస్సులో అత్తకి అంతా చెప్పేసింది. రాజ్యలక్ష్మమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కళ్లలో మందు వేయించుకోవడం వల్ల నీళ్లు కారుతుంటే కొంగుతో ఒత్తుకుంటూ వింది.

“తెల్లారేదాకా కరెంటు తలకాయలో ఉంటాదని నాకు ఎవురు చెప్పినారు? ఎవురూ చెప్పలే. నేనే చెప్పినా” అంది. “భయం లేదని కాదు. అయినా ఆ పెండ్లి ఫోటో నేనూ చూసినా. అందరూ నగుతాండారు. నాకు నగు రాలే. ఆ నిద్ర నేను ఎరగనిదా?”

ఉదయశ్రీ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంట్లో చెప్పాకు” అంది రాజ్యలక్ష్మమ్మ గొంతు తగ్గించి. “ఇంకా వాడమన్న్యారని చెప్పు. అట్లాంటి పట్టీ ఏదన్నా ఒగటి కొనుక్కో. వాళ్లకేం తెలుస్తాది? నా మాట విను. మగోళ్లకి మనం అలిసిపోయినామంటే అర్థం కాదు. షాక్ కొడ్తాదంటే అర్థమయితాది.”

మాట మంచిదే. ఎంత సులువు! నుదుటికి ఒక గుడ్డముక్క కట్టుకుంటే చాలు, జీవితాంతం నిద్ర. ఉదయశ్రీ మనసు దాదాపు ఒప్పుకుంది. ఏ రంగు పట్టీ కొనాలో కూడా అనుకుంది. ఎవరికీ నష్టం లేని అబద్ధం. అంత చిన్న అబద్ధానికి ఇంత గింజుకోవడం దేనికి? అయినా ఏదో గుచ్చుకుంటోంది, సరిగ్గా ఎక్కడో తెలియడం లేదు. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. ఉన్నట్టుండి అడిగింది.

“అత్తా, నెలసరి నిలిచిపోయినాక ఏం జేస్తివి? ఆ మూడు దినాలు కూడా లేకపాయ గదా.”

“ఏముంది చేసేకి” అంది రాజ్యలక్ష్మమ్మ, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు. “అప్పటికి నువ్వొచ్చింటివి.”

అని కిటికీ వైపు తిరిగింది. అన్నాక ఆమెకి కూడా తెలిసినట్టుంది, ఏమందో.

ఉదయశ్రీ లోపల గోలగోలగా ఉంది. నువ్వొచ్చింటివి. అంటే ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒక ఆడది మేలుకొని ఉండాలి. ఒకామె పడుకోవాలంటే ఇంకొకామె రావాలి. రానంతకాలం మైలో, జబ్బో, దేవుడో, కరెంటో, ఏదో ఒకటి అడ్డం పెట్టుకోవాలి. తను పట్టీ కట్టుకుంటుంది, బాగానే ఉంటుంది. రేపు శ్రీవాసవి ఏ ఇంటికో వెళ్తుంది. అక్కడ ఆ పిల్ల ఏం కట్టుకోవాలి? అలిసిపోయానని చెప్పడానికి ఏ రోగం అరువు తెచ్చుకోవాలి? ఆమెకి భయం వేసింది, ఆ భయం వెనకే కోపం వచ్చింది. ఆ కోపం అత్త మీద కాదు. కిరణ్‌కుమార్ మీద కూడా పూర్తిగా కాదు. ఒక్కసారైనా వట్టి నోటితో అడిగి చూడకుండా ఇన్నేళ్లు గడిపేసిన తన మీదే ఎక్కువ.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. వీరభద్రయ్య టీవీ ముందు కుర్చీలో ఉన్నాడు. కిరణ్‌కుమార్ అంగడి మూసి అప్పుడే పైకి వచ్చి, చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చున్నాడు.

“ఇచ్చేసినావా మిషను?”

“ఇచ్చేసినా.”

“హమ్మయ్య.” ఫోను తీశాడు. “ఈ అలారం ఫస్టు తీసేస్తా. ఉదయా, నీ పక్కబట్టలు ఇట్లా ముందు గదిలోకి తెచ్చుకో. ఈ పొద్దు లారీ గూడా ఉండాది, డ్రైవరుకు నీ నంబరు ఇస్తా.”

“అలారం తీయాకండి” అంది ఉదయశ్రీ.

అతను తలెత్తి చూశాడు. వీరభద్రయ్య టీవీ శబ్దం తగ్గించాడు. వంటింటి గడప దగ్గర రాజ్యలక్ష్మమ్మ చెంబు పట్టుకుని ఆగిపోయింది. వద్దన్నట్టు తల ఊపుతోంది.

“ఆ బ్యాండులో కరెంటు లేదంట” అంది ఉదయశ్రీ. “మొదటిరోజు నుంచీ లేదు. కొందరికి కరెంటు ఇచ్చినారు, కొందరికి ఇవ్వలేదు. నాకు ఇవ్వలేదు. డాక్టరమ్మ ఈ పొద్దు చెప్పింది.”

“కరెంటు లేకనే నిద్రపోతివా?” అన్నాడు వీరభద్రయ్య.

“పోయినా మామా.”

కిరణ్‌కుమార్ పెద్దగా నవ్వాడు. “చూడు నాయినా! ఊరికే ఇన్నాండ్లూ భయపడి సస్తిమి. అంటే ఈమెకు ఏ జబ్బూ లేదు. నేను రోజూ నడిరేయి లేసి మోటారు వేసుకొంటి. అయితే ఇంకేమి, నీకేం కాలేదు గదా ఉదయా, ఎప్పటి మాదిరి…”

“నాకేం కాలేదు. అదే చెప్తాండా” అంది ఉదయశ్రీ. గడప దగ్గరున్న అత్తని ఒకసారి చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

“నా తలలో కరెంటుందని ఇన్నాండ్లు నన్ను పిలవకుండా ఉంటిరి. ఈ పొద్దు నుంచి, నేను నిద్రపోతాండానని పిలవకుండా ఉండండి.”